వార్తయు దండనీతియు: ప్రజావాక్కు లేని ప్రణాళికను గూర్చిన విచారము

వార్త యను శబ్దమునకు సంస్కృతమున రెండర్థములు ప్రసిద్ధములు. కృషి, పశుపాలనము, వాణిజ్యము అను జీవనోపాయములను బోధించు విద్యకు వార్త యని పేరు. జనుల నోట వెలువడి దేశమున వ్యాపించు సమాచారమునకును వార్త యనియే పేరు. అమరసింహుడు నానార్థవర్గమున వృత్తి, జనశ్రుతి అను నీ రెండర్థములను ఒక్కచోటనే చెప్పియున్నాడు. రెంటికిని మూలము వృత్ ధాతువే. తెలుగున మొదటి యర్థము శాస్త్రగ్రంథములకు పరిమితము కాగా, రెండవది నిత్యవ్యవహారమున నిలిచినది. ఒకే శబ్దమున నిమిడిన యీ రెండర్థములకు గల సంబంధము కేవలము నిఘంటుకారుల విచారమునకే విడువదగినది కాదు. దేశమునందలి కృషి వాణిజ్యముల నన్నిటిని ఒక్క కేంద్రమునుండి నడపదలచిన ప్రభుత్వము, ప్రజల నోటి వార్తను వినక, ఆ కార్యమును నిర్వహింపగలదా యనునది యిచ్చట ప్రశ్న. ఇరువదవ శతాబ్దమున కోట్లకొలది జనుల ప్రాణములు దీనిపై నాధారపడి యుండెను.

కౌటిలీయార్థశాస్త్రము శతాబ్దములపాటు కనుమరుగై యుండి, ఒక తంజావూరు పండితుని మూలమున మైసూరు ప్రాచ్యగ్రంథాలయమునకు చేరి, ఆర్. శామశాస్త్రిగారి కృషిచే 1909లో ముద్రితమైనది. అందు విద్య లెన్ని యను చర్చ మొదటనే కలదు. ఆన్వీక్షకి, త్రయి, వార్త, దండనీతి అను నాలుగును విద్యలే యని కౌటిల్యుని మతము. మనుమతానుయాయులు ఆన్వీక్షకిని త్రయిలో చేర్చి మూడే యనిరి. బార్హస్పత్యులు వార్తను, దండనీతిని మాత్రమే యంగీకరించిరి. ఔశనసులు దండనీతి యొక్కటియే విద్య యనియు, తక్కినవన్నియు దానియందే ముడివడి యున్నవనియు వాదించిరి. ఈ యౌశనసమతము ప్రాచీనకాలముననే నశించినదని తలంపరాదు. అధికారము దృఢముగ నున్నచో పంటలును పరిశ్రమలును ఆజ్ఞకు లోబడి పెరుగునను విశ్వాసము ఆధునికకాలమున మరల తలయెత్తినది.

కౌటిల్యుని రాజ్యమున సీతాధ్యక్షుడు వ్యవసాయమును, పణ్యాధ్యక్షుడు క్రయవిక్రయములను, సూత్రాధ్యక్షుడు నూలు నేత పనులను, ఆకరాధ్యక్షుడు గనులను, కోష్ఠాగారాధ్యక్షుడు ధాన్యనిధులను చూచుచుందురు. ఐదు గ్రామములకో పది గ్రామములకో ఒక గోపుడుండి, యిండ్లను, జనులను, పశువులను, పొలములను లెక్కించి వ్రాయవలయును. ఇందు గమనింపదగిన విశేషమేమనగా, ఆ లెక్కలను కౌటిల్యుడు నమ్మలేదు. గృహస్థుల వేషము ధరించిన చారులను సమాహర్త గ్రామములకు పంపి, గోపుడు వ్రాసినదియు వాస్తవముగ నున్నదియు సరిపోవునో లేదో తెలిసికొనవలయునని విధించెను. ఉద్యోగులు ధనము నపహరించు మార్గములు నలువది యని యెన్నెను. క్రిందినుండి పైకి వచ్చు లెక్క దారిలో వక్రమగునని యాతడు చక్కగ గ్రహించెను. దానికాతడెరిగిన మందు చారు డొక్కడే. చారుని మాటను నమ్ముటెట్లన్నచో, ముగ్గురు చారుల వాక్యము లేకమైనప్పుడు నమ్మవచ్చునని సమాధానము చెప్పెను. ముగ్గురును ఒకే భయమునకు లోనై ఒకే యసత్యమును చెప్పుదురేని యేమి గతి యను శంకకు అందు సమాధానము కానరాదు. ఆ శంకను తీర్చుటకు ఇరువదవ శతాబ్దచరిత్రను పరిశీలింపవలసి యున్నది.

ప్రణాళికావాదము

కేంద్రప్రణాళిక యనగా, ఏ వస్తువు ఎంత పుట్టవలయునో, ఏ పనికి ఎందరు పోవలయునో, ఎవరికెంత పంచవలయునో విపణియందలి బేరసారములకు విడువక, రాజ్యమునందలి యొక సంఘము ముందుగ నిర్ణయించి యాజ్ఞాపించుట. ఇది సాధ్యమా యను చర్చ ఐరోపాఖండమున మొదట గణితరూపమున నడచెను. ఇటలీదేశీయుడగు బరోనె 1908లో సమష్టిరాజ్యమునందలి ఉత్పత్తిసచివుడు తీర్పవలసిన సమీకరణములను వివరించెను. ఆస్ట్రియాదేశీయుడగు మీసెస్ 1920లో, ఉత్పత్తిసాధనములకు విపణియును ధరయును లేనిచోట ఏది లాభమో యేది నష్టమో లెక్కించుటయే యసంభవమని వాదించెను. పోలండుదేశీయుడగు లాంగె 1936లో దానికి బదులు చెప్పుచు, ప్రణాళికాసంఘమే ధరలను నిర్ణయించి, సరకు మిగిలిన తగ్గించుచు చాలకున్న పెంచుచు సరిచేసికొనవచ్చుననెను. 1945లో హాయెక్ ఈ వాదమునకు మరియొక దారి చూపెను. కష్టము సమీకరణములను సాధించుటలో లేదు. వానికి కావలసిన తెలివి యొక్కచోట నుండక లక్షలాది జనుల యొద్ద చెదరి యుండుటయే కష్టమని యాతని భావము. ఏ మడికి ఏ విత్తనము తగునో ఆ మడి దున్నువానికి తెలియును. ఏ యంత్రము ఏ రీతిగ మొరాయించునో దానిని నడపువాడే యెరుగును.

హాయెక్ ఈ హేతువుచే ప్రణాళికనే నిరాకరించెను. ఆ సంవత్సరముననే బార్బరా వూటన్ అను ఆంగ్లవిదుషి ప్రణాళికకును స్వాతంత్ర్యమునకును విరోధము లేదని గ్రంథము వ్రాసెను. ఈ యిరువురలో నెవరి మతము గ్రాహ్యమైనను, ప్రణాళికకు మూడు సంగతులు తెలియవలయుననుట నిర్వివాదము. ప్రజలకేమి కావలయునో తెలియుట మొదటిది. దేశమున నేమి యున్నదో తెలియుట రెండవది. చేసిన నిర్ణయమున తప్పు దొరలినచో ఆ తప్పు త్వరగ తెలియుట మూడవది. మొదటి రెంటికంటె మూడవది ముఖ్యము. ఎట్లనగా, మొదటి రెంటిలో లోపమున్నను మూడవది సక్రమముగ నున్నచో లోపము తీరును. ఈ లక్షణములను దృష్టియందుంచుకొని సోవియట్ దేశచరిత్రను చూడవలయును.

సోవియట్ దేశము

రష్యా విప్లవానంతరము 1921 ఫిబ్రవరిలో గాస్‌ప్లాన్ అను రాజ్యప్రణాళికాసంఘము స్థాపితమయ్యెను. తొలి సంవత్సరములలో విద్వాంసుల నడుమ చర్చకు కొంత తావుండెను. వ్యవసాయమును తగ్గించి పరిశ్రమలను పెంచుట ప్రమాదకరమని కొండ్రాటియెవ్ వంటి యర్థశాస్త్రజ్ఞులు హెచ్చరించిరి. 1928 అక్టోబరులో మొదటి పంచవర్షప్రణాళిక యారంభమయ్యెను. 1930లో కొండ్రాటియెవ్ బంధితుడయ్యెను. 1938లో ఆయనను కాల్చి చంపిరి. గాస్‌ప్లాన్‌లోనే పనిచేసిన గ్రోమన్ అను సంఖ్యాశాస్త్రజ్ఞుని 1931 మార్చిలో బహిరంగవిచారణకు నిలిపి శిక్షించిరి. తక్కువ లెక్క చెప్పుట ద్రోహమనియు, ఎక్కువ లెక్క చెప్పుట భక్తియనియు తక్కినవారికి బోధపడెను. అంతటినుండి ప్రణాళికయందు వార్త తగ్గి దండనీతి పెరిగెను.

రైతుల పొలములను పశువులను సమష్టిక్షేత్రములలో చేర్చుట 1929 చివరనుండి తీవ్రముగ సాగెను. తమ పశువులను ఊరక యప్పగించుటకంటె కోసి తినుటయే మేలని రైతులు తలంచిరి. 1928లో దేశమున 7 కోట్లవరకు నున్న ఆవులు, ఎద్దులు మొదలగు గొడ్లు 1933 నాటికి 4 కోట్లకు లోపడెను. ఆ పశునాశము రైతుల యభిప్రాయమే. సభలో చెప్పుటకు వీలులేని మాట దొడ్డిలో కనబడినది. ఐనను ధాన్యసేకరణము తగ్గలేదు. 1932 ఆగస్టు 7వ తేదీనాటి శాసనముచే సమష్టిక్షేత్రమున వెన్నులు కోసికొన్నవారికిని మరణదండనము విధింపవచ్చునని యేర్పడెను. ఆ సంవత్సరమున 17 లక్షల టన్నులకు మించిన ధాన్యము పరదేశములకు ఎగుమతి యయ్యెను. 1933 జనవరిలో ఉక్రెయిను, కుబాను ప్రాంతముల రైతులు తిండికై యితరప్రాంతములకు పోకుండ దారులు కట్టివేసిరి. ఆ క్షామమున గతించినవారు 50 లక్షలు మొదలు 80 లక్షలవరకు నుందురని చరిత్రకారుల యంచనాలు. పత్రికలలో క్షామమను మాట వ్రాయుటకు వీలులేకపోయెను.

ఈ సందర్భమున సాహిత్యచరిత్రకు సంబంధించిన వృత్తాంత మొకటి కలదు. డాన్ నదీతీరమునందలి కొస్సాకుల జీవనమును వర్ణించు మహానవలను వ్రాయుచుండిన మిఖాయిల్ షోలఖోవ్ ఆ ప్రాంతమునందలి వ్యోషెన్‌స్కయ గ్రామమున నివసించుచుండెను. ధాన్యము దాచినారను నెపమున అధికారులు రైతులను కొట్టి, స్త్రీలను పిల్లలను చలిలో నిండ్లనుండి వెడలగొట్టి హింసించుచుండ నాతడు కన్నులార చూచెను. 1933 ఏప్రిలులో ఆ దారుణములను వివరించుచు స్టాలినునకు దీర్ఘమైన లేఖ వ్రాసెను. ఫలితముగ వ్యోషెన్‌స్కయ మండలమునకు 1,20,000 పూడులును, పొరుగు మండలమునకు 40,000 పూడులును ధాన్యము మంజూరయ్యెను. పూడు అనగా రమారమి 16 కిలోగ్రాములు. విచారణకు అధికారియు వచ్చెను. కాని స్టాలిను తన ప్రత్యుత్తరమున, ఆ రైతులు నిశ్శబ్దముగ ప్రభుత్వముపై యుద్ధము చేయుచున్నారని నవలాకారునే మందలించెను.

ఈ వృత్తాంతమున రెండు సంగతులు తేటపడుచున్నవి. ధాన్యము లేకపోవుటచేతనే ప్రజలు చచ్చిరనుట పూర్తిగ నిజము కాదు. వార్త చేరినచోటికి ధాన్యము చేరినది. మరియు, వార్త చేరుటకు ఆ మండలమున ప్రభువు చదువు నవలాకారు డొకడు కాపురముండుట యావశ్యకమయ్యెను. అట్టి నవలాకారుడు లేని మండలములు వేలకొలది యుండెను. వానికి శాసనసభాసభ్యుడు లేడు, పత్రికావిలేఖరి లేడు, న్యాయస్థానము లేదు. ఉన్నవారు అధికారులు మాత్రమే; క్షామమున్నదని చెప్పిన యధికారి, సేకరణలో తానోడితినని తానే యొప్పుకొన్నవాడగును.

అసత్యము క్రిందినుండి పైకి ప్రాకిన తరువాత పైవారికే తమ దేశమెట్లున్నదో తెలియకుండ పోయెను. 1933 నుండి పంటను కళ్లమున కొలుచుట మాని, కోతకు ముందు చేనియందే యంచనా కట్టు పద్ధతి వచ్చెను. దారిలో రాలినది, కుళ్లినది, పోయినది యంతయు పండినట్లే లెక్కకెక్కెను. 1934లో స్టాలిను తన దేశమున 16.8 కోట్ల ప్రజలున్నారని ప్రకటించెను. 1937 జనవరిలో జనాభా లెక్కలు తీయగా 16.2 కోట్లే తేలెను. మూడేండ్ల క్రిందటి ప్రకటనకంటె తక్కువయగు నీ సంఖ్య క్షామమరణములను వెల్లడించునదై యుండెను. ప్రభుత్వమా లెక్కలను రద్దుచేసి, తీసినవారిలో ముఖ్యులను బంధించి, జనాభాశాఖాధ్యక్షుడగు క్విత్కినును చంపించెను. 1939లో మరల లెక్కలు తీయగా 17 కోట్లకు మించిన సంఖ్య వచ్చెను. కౌటిల్యుడు గోపుని లెక్కను పరీక్షింప చారుని పంపెను. ఇచ్చట నిజమైన లెక్క వ్రాసిన గోపునికే దండన కలిగెను. ఇంతకంటె వార్తకు దండనీతి చేయగల యపకారము లేదు.

క్రూరశిక్షలు తగ్గిన తరువాతను ఈ వ్యాధి కుదురలేదు. 1959లో ర్యజాన్ మండలాధిపతియగు లారియొనోవ్ మాంసోత్పత్తిని ఒక్క యేట మూడింతలు చేసి 1,50,000 టన్నులు సమర్పింతునని ప్రతిజ్ఞ చేసెను. పాడియావులను, దూడలను కోయించియు, పొరుగు మండలములలో కొనిపించియు సంఖ్య నెరవేరినట్లు చూపెను. ఆయనకు శ్రమవీర బిరుదము లభించెను. మరుసటి యేట మండలమున పశువులు మిగులకపోవుటచే మోసము బయటపడెను. ఆయన ప్రాణత్యాగము చేసికొనెను. మేకుల ఉత్పత్తిని తూకముచే కొలిచిన కర్మాగారము కర్మాగారమంత మేకు నొకదానిని చేసిపెట్టినట్లు మాస్కో హాస్యపత్రిక చిత్రించిన బొమ్మ ప్రసిద్ధమైనది. మేకు కొనువాని మాటకు విలువ లేనిచోట తూకమే దైవమగును.

సభలును పత్రికలును మూగవైన దేశమున సాహిత్యమే కొంతవరకు వార్తావాహకమయ్యెను. 1931లో ప్లటోనొవ్ సమష్టిక్షేత్రములలోని విపరీతములను కథగ వ్రాసి స్టాలిను కోపమునకు గురియై, చాలకాలము ప్రచురణకు దూరమయ్యెను. 1952లో ఓవెచ్కిన్ నోవిమిర్ పత్రికయందు గ్రామీణాధికారుల యాజ్ఞాపరత్వమును చిత్రించెను. బాగుగ పండించిన క్షేత్రమునుండియే మరల మరల ధాన్యము లాగుటచే బాగుగ పండించుటయే శిక్షయగుచున్నదని యందు చూపెను. 1956లో దుదింత్సెవ్ వ్రాసిన నవలయందు, మేలైన యంత్రమును కల్పించిన సామాన్యోపాధ్యాయుడు అధికారయంత్రముతో పోరాడవలసి వచ్చును. 1980 దశకమున ఉత్తరనదుల నీటిని దక్షిణమునకు మరల్చు పథకమును రాస్పుటిన్, జలీగిన్ మొదలగు రచయితలును శాస్త్రజ్ఞులును ప్రతిఘటింపగా, 1986 ఆగస్టులో ప్రభుత్వమా పథకమును విరమించెను. అట్టి ప్రతిఘటన ముందుగ సాధ్యమై యుండినచో, ప్రత్తిసాగుకై నదులను మరల్చుటచే 1960 నుండి ఇంకిపోయిన ఆరల్ సముద్రమునకును రక్షణ కలిగియుండెడిదేమో.

చైనాదేశము

చైనాదేశచరిత్ర ఇదే సంగతిని మరింత ఘోరముగ చూపుచున్నది. 1957లో ప్రభుత్వమును విమర్శింపుడని మొదట విద్యావంతులను ప్రోత్సహించి, పిదప విమర్శించినవారిలో 5 లక్షలమందికి పైగ ద్రోహముద్ర వేసిరి. మరుసటి సంవత్సరమున మహాప్లవన మను నుద్యమ మారంభమయ్యెను. గ్రామములలో ఇటుక కొలుముల నమర్చి వంటపాత్రలను కరగించి ఇనుము చేయించిరి. పంటలు కోయువారు లేక పొలముననే పాడయ్యెను. ఒక మండలము మరియొకదానితో పోటీపడి నమ్మరాని దిగుబడులను ప్రకటించెను. 1958లో 37.5 కోట్ల టన్నుల ధాన్యము పండినదని ప్రభుత్వము చాటెను. 1959లో దానిని 25 కోట్లకు దించెను. నిజముగ పండినది 20 కోట్లే. లేని ధాన్యముపై పన్ను కట్టి యున్న ధాన్యమును తీసికొనిపోయిరి. 1959లో 40 లక్షల టన్నులు ఎగుమతి యయ్యెను.

ఆ సంవత్సరము జూలైలో లుషాను పర్వతమున జరిగిన సమావేశమున రక్షణమంత్రియగు పెంగ్ దెహ్వాయ్, గ్రామస్థితిని గూర్చి మావోకు వినయముగనే లేఖ వ్రాసెను. ఆయనను పదవినుండి తొలగించి, ఆయన వలె మాటాడినవారిని వెదకి శిక్షించు నుద్యమమును ప్రారంభించిరి. దానిఫలితముగ సవరింపబడుచుండిన తప్పు మరల రెట్టింపయ్యెను. హెనాన్ రాష్ట్రమున శిన్‌యాంగ్ ప్రాంతమున ఆకలివార్త బయటికి పొక్కకుండ ప్రజల యుత్తరములను తపాలాకార్యాలయములలోనే నిలిపివేసిరి. ఆ యొక్క ప్రాంతముననే దాదాపు 10 లక్షలమంది చనిపోయిరి. దేశమంతట మృతుల సంఖ్య 1.5 కోట్లు మొదలు 4.5 కోట్లవరకు భిన్నభిన్నముగ నంచనా వేయబడినది. సోవియట్ దేశమున నవలాకారుని యుత్తరము చేరినది. చైనాలో రక్షణమంత్రి యుత్తరము చేరియు ఫలింపలేదు. వినుటయు వినకుండుటయు ఒక్కని చిత్తవృత్తిపై నాధారపడుటయే యీ విధానమునందలి దోషము.

పూర్వపక్షములు

ఈ సిద్ధాంతమునకు విరుద్ధముగ చెప్పదగినవి కొన్ని కలవు. వానిని విడిచినచో విచారము పూర్తి కాదు.

సోవియట్ దేశము పదేండ్లలో మహాకర్మాగారములను నిర్మించి, 1945లో జర్మనీని జయించుటలో ప్రధానపాత్ర వహించెను గదా యని మొదటి యాక్షేపము. ఇది నిజము. లక్ష్యము ఒక్కటియై, అది పైవారికిని క్రిందివారికిని స్పష్టమై, ఫలము రణరంగముననే తేలునప్పుడు ఆజ్ఞారూపమైన ప్రణాళిక పనిచేయును. అచ్చట శత్రువే పరీక్షకుడు. అబద్ధపు ఫిరంగి ప్రేలదు. కాని అదే యుద్ధకాలమున బ్రిటను 1940 నుండి ఆహారమును రేషనుపద్ధతిపై పంచుచు, పార్లమెంటులో మంత్రులను ప్రశ్నించు నాచారమును నిలుపుకొనెను. యుద్ధమునకైనను మౌనము తప్పనిసరి కాదని దీనిచే తెలియుచున్నది. అదే బ్రిటను పాలించిన బంగాళమున, పాలకులను దించుటకు ప్రజలకధికారము లేకపోవుటచే, 1943లో లక్షలమంది యాకలిచే మరణించిరి. విచారణసంఘము 15 లక్షలని చెప్పెను; అమర్త్య సేన్ 30 లక్షలవరకు లెక్కించెను. ఆ ఆగస్టులో కలకత్తా స్టేట్స్‌మన్ పత్రిక మృతుల ఛాయాచిత్రములను ముద్రించువరకు ఆ ఘోరము లోకమునకు తెలియలేదు. కావున దోషము ప్రణాళికయందే కలదనుటయు సరికాదు. ప్రణాళిక లేని నిరంకుశపాలనమునను ఇదే ఫలము కలిగినది.

ప్రజాప్రభుత్వములలో మాత్రము ప్రజలు సుఖముగ నున్నారా యని రెండవ యాక్షేపము. భారతదేశమున స్వాతంత్ర్యానంతరము మహాక్షామము కలుగలేదు. కాని నిత్యము చాలీచాలని తిండితో కృశించువారు కోట్లకొలది యుండిరి. సామాన్యకాలమున ఆరోగ్యవిషయమునను, ఆయుర్దాయవిషయమునను చైనా మించినదని ద్రెజ్, సేన్ 1989లో తమ గ్రంథమున చూపిరి. క్షామము పత్రికలకెక్కును, మెల్లగ తిను నాకలి యెక్కదు. వాక్స్వాతంత్ర్యము గట్టిగ నరచువాని బాధనే చాటునుగాని, అరచుటకు శక్తిలేనివాని బాధను తనంత తాను చాటదు. ఈ యాక్షేపమును పూర్తిగ ఖండించుట సాధ్యము కాదు. ప్రజావాక్కు అవసరమే కాని చాలదని యొప్పుకొనవలయును.

1978 తరువాత చైనా యెన్నికలు లేకయే సంపన్నమైనది గదా యని మూడవ యాక్షేపము. అది యెట్లు జరిగినదో చూడవలయును. ఆ సంవత్సరాంతమున అన్హుయ్ రాష్ట్రమునందలి షావ్‌గాంగ్ గ్రామమున పదునెనిమిది కుటుంబములవారు రహస్యముగ నొడంబడిక వ్రాసికొని పొలములను పంచుకొనిరి. పంట పెరిగెను. వారిని శిక్షింపక, ఆ పద్ధతిని దేశమంతట వ్యాపింపజేసిరి. అనగా కేంద్రము తన యాజ్ఞను సడలించి, రైతుచేతను విపణిధరను వార్తగ స్వీకరించినప్పుడే యున్నతి కలిగినది. ఇది నిరంకుశప్రణాళికకు సమర్థనము కాజాలదు.

యంత్రగణనముచే ప్రజల నడుగకయే యన్నియు తెలిసికొనవచ్చునని నాలుగవ యాక్షేపము. కాంటొరోవిచ్ 1939లోనే ఉత్పత్తిని మేలుగ నమర్చు గణితపద్ధతిని కనుగొని, 1975లో నోబెల్ బహుమానము పొందెను. 1962లో గ్లుష్కోవ్ దేశమంతటి కర్మాగారములను గణనయంత్రములతో జోడింప తలపెట్టెను; శాఖాధికారులు తమ లెక్కలను తెరచి చూపనొల్లకపోవుట ఆ పథకము కుంటుపడుటకొక కారణము. నేటి యంత్రములు అపారశక్తి గలవి. ఐనను యంత్రము లెక్కను సరిచూడగలదు గాని, భయముచే వ్రాసిన లెక్కను నిజము చేయలేదు. ఆనకట్టవలన వచ్చు నీరెంతో చెప్పగలదు. మునుగు నూరు ఆ నీటికి వెలయగునా కాదా యనునది గణితప్రశ్న కాదు.

భారతదేశము

భారతదేశమున ప్రణాళికాలోచనము స్వాతంత్ర్యమునకు ముందే కలదు. విశ్వేశ్వరయ్యగారు 1934లో దీనిపై గ్రంథము ప్రచురించిరి. 1938లో సుభాష్ చంద్ర బోసు కాంగ్రెసు అధ్యక్షులుగ నుండగా, నెహ్రూ అధ్యక్షతను జాతీయప్రణాళికాసంఘ మేర్పడెను. 1950 మార్చి 15న మంత్రివర్గ తీర్మానముచే ప్రణాళికాసంఘము స్థాపితమయ్యెను. రాజ్యాంగమున గాని, ప్రత్యేకశాసనమున గాని దానికి మూలము లేదు. 1951 జూలైలో మొదటి ప్రణాళికయొక్క చిత్తుప్రతిని ప్రజలు చర్చించుటకై ప్రకటించిరి. ఇది సోవియట్ పద్ధతికి భిన్నమైన యారంభము. ఆ సంఘము 2015 జనవరిలో నీతి ఆయోగమునకు స్థానమిచ్చి యంతరించినది.

1952 అక్టోబరు 2న సమాజవికాసపథక మారంభమయ్యెను. ధనమును ఉద్యోగులును గ్రామములకు చేరినను ప్రజలు దానిని తమ పనిగ భావింపలేదు. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘము ఈ లోపమును స్పష్టముగ చెప్పి, ఎన్నికైన గ్రామ, సమితి, జిల్లాసంస్థలకు అధికారమప్పగింపవలయునని సూచించెను. 1959 అక్టోబరులో రాజస్థానమునందలి నాగౌరున నెహ్రూ పంచాయతీరాజ్యమును ప్రారంభించి, అదే నెలలో ఆంధ్రప్రదేశమునందలి షాద్‌నగరునను ప్రారంభించిరి. ప్రభుత్వమే నియమించిన సంఘము ప్రభుత్వపథకము ఫలింపలేదని వ్రాయుటయు, వ్రాసినవారు శిక్షింపబడక వారి సూచన శాసనమగుటయు ఇందు ముఖ్యము. గ్రోమన్ గతితో దీనిని పోల్చి చూచినచో భేదము తెలియును.

విశాఖపట్టణమున ఉక్కు కర్మాగారము పెట్టుట యుక్తమని 1965లో నిపుణుల సంఘము చెప్పినను, కేంద్రప్రభుత్వము జాప్యము చేసెను. 1966లో ఆంధ్రదేశమున మహాందోళన చెలరేగెను. పోలీసుల కాల్పులలో పలువురు ప్రాణములు గోల్పోయిరి. 1970లో కర్మాగారము మంజూరై, 1971 జనవరిలో శంకుస్థాపన జరిగెను. మాట వినబడుటకు ప్రాణము లీయవలసి వచ్చుట ప్రజాప్రభుత్వమునకు గౌరవము కాదు. కాని నిపుణులును ప్రజలును ఒకే మాట చెప్పినప్పుడు కేంద్రము చిరకాలము దానిని త్రోసిపుచ్చలేకపోవుట యీ విధానమునందలి గుణము.

భారతదేశముననే ఈ విషయమునకు ప్రతిదృష్టాంతమును కలదు. 1975 జూన్‌లో అత్యవసరపరిస్థితి ప్రకటితమై పత్రికలకు కట్టడి కలిగెను. కుటుంబనియంత్రణకు సంఖ్యాలక్ష్యములు విధింపబడెను. 1976-77లో 80 లక్షలకు మించిన శస్త్రచికిత్సలు జరిగెను. పెక్కుచోట్ల బలాత్కారము నడచెను. సంఖ్యలు లక్ష్యమును మించినవని పైవారు సంతసించుచుండగా, క్రింద పెరుగుచున్న రోషము వారికి తెలియకపోయెను. 1977 మార్చి యెన్నికలలో ప్రజలు తమ యభిప్రాయమును తెలిపిరి; ప్రభుత్వము మారెను; బలాత్కారము నిలిచెను. ఇరువదియొక్క నెలల మౌనమున పుట్టిన తప్పు ఎన్నికలచే తెలిసి, పెక్కండ్రకు పరిహారము లేకయే యైనను, ఆగినది. శిన్‌యాంగ్ ప్రజలకా సాధనము లేకపోయెను.

సిద్ధాంతము

ఇంతవరకు చెప్పినదాని సారమిది. ప్రజావాక్కు లేని కేంద్రప్రణాళిక ఒక్క స్పష్టమైన లక్ష్యమును కొలదికాలము సాధింపగలదు. వంతెనలను, కొలుములను, ఆయుధములను నిర్మింపగలదు. కాని తన తప్పును తాను తెలిసికొనలేదు. దండభయము పెరిగినకొలది లెక్కలు తియ్యనగును. లెక్కలు తియ్యనైనకొలది కేంద్రమునకు దేశము కానరాకపోవును. కానరాని దేశమును నడపుటకు మరింత దండము కావలసివచ్చును. ఈ చక్రమును లోపలినుండి త్రెంచగల చారుడు లేడు. ప్రజావాక్కు కలిగినంతమాత్రమున ప్రణాళిక సఫలమగునని చెప్పుటకును వీలులేదు. అది తప్పులను నివారింపదు; తప్పులు మహామారులు కాకముందు వెల్లడించును. మూగవాని బాధను వినిపించుటకు గ్రామసభలు, పాఠశాలలు, పత్రికలు, నిర్భయమైన గణాంకశాఖ ప్రత్యేకముగ పాటుపడవలసి యుండును.

కౌటిల్యుడు వార్తకును దండనీతికిని పైన ఆన్వీక్షకిని నిలిపెను. వార్తయందలి యర్థానర్థములను, దండనీతియందలి నయాపనయములను హేతువులచే పరీక్షించుట దాని పనియని యాతని యభిప్రాయము. ఆ విద్య నాతడు రాజునకును మంత్రులకును ఉద్దేశించెను. రాజు పరీక్షించును, ప్రజలు పరీక్షింపబడుదురు. ఇరువదవ శతాబ్దము కోట్లకొలది ప్రాణములు వెచ్చించి నేర్చిన పాఠము, ఆ విద్య ప్రజలకును వలయునని. వ్యోషెన్‌స్కయకు ధాన్యమును తెచ్చినది ఆన్వీక్షకి కాదు, ఒక్క నవలాకారుని సాహసమును, ఒక్క ప్రభువు దయయును. దయపై నాధారపడిన ధాన్యము పొరుగు మండలముతోనే యాగిపోయెను.